ఐరాస ముసాయిదాల్లో అబార్షన్ మాటలు: విశాఖ నుంచి ఏం చేయొచ్చు, ఎక్కడ బోల్తా పడతారు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: జ్ఞానాపురంలో ఉన్న మీ ప్రో-లైఫ్ (అబార్షన్‌ను వ్యతిరేకించే) బృందం వచ్చే మార్చిలో న్యూయార్క్‌లో జరిగే ఐరాస మహిళల స్థితిగతుల కమిషన్ సమావేశాలకు ఇద్దర్ని పంపాలనుకుంటోంది. అక్కడి తుది పత్రంలో "అబార్షన్ హక్కు" చేరకుండా అడ్డుకోవడం ఎలా? చేతిలో ఉన్న 5,000 సంతకాల వినతిపత్రం ఎవరికివ్వాలి? మన దేశ ప్రతినిధులు మన మాట వింటారా?

ముందు చేదు మాట చెప్పేస్తాను. మార్చిలో న్యూయార్క్‌లో దిగేసరికి చెయ్యడానికి పెద్దగా ఏమీ మిగలదు. 2025లో రాజకీయ ప్రకటన సమావేశాల మొదటి రోజే, మార్చి 10న ఆమోదం పొందింది. బ్యాడ్జీల కోసం లైన్లో నిలబడ్డవాళ్లు లోపలికి వెళ్లేసరికే పని అయిపోయింది. అసలు బేరం ఫిబ్రవరిలో నడుస్తుంది. మన దేశం మాట ఏమిటన్నది అంతకన్నా ముందు, ఢిల్లీలో తేలుతుంది. ఇంకో సంగతి కూడా మనసులో పెట్టుకోండి. ఈ బేరాల్లో ప్రో-లైఫ్ పక్షానికి తాను కోరుకున్న వాక్యం దాదాపు ఎప్పుడూ దొరకదు. దొరికేదల్లా ఎదుటివాళ్ల వాక్యానికి ఒక తోక. "జాతీయ చట్టాల ప్రకారం" లాంటిది. ఆ తోక తెగకుండా చూసుకోవడమే ఈ పనంతా.

ముసాయిదా చేతికొచ్చాక "అబార్షన్" అన్న మాట కోసం వెతక్కండి. చాలాసార్లు ఉండనే ఉండదు. చూడాల్సింది "హక్కులు", "సేవలు" అన్న మాటలు ఎక్కడ కూర్చున్నాయో.

ఒక ఉదాహరణ దగ్గర్నుంచి చూద్దాం. 2015లో ఒప్పుకున్న సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో 5.6 తీయండి. అందులో ఉన్నది "లైంగిక, పునరుత్పత్తి ఆరోగ్యం, పునరుత్పత్తి హక్కులు". కొన్ని దేశాలు కొత్త ముసాయిదాల్లో పెట్టేది "లైంగిక, పునరుత్పత్తి ఆరోగ్యం, హక్కులు". గబగబా చదివితే రెండూ ఒకటే అనిపిస్తాయి. మొదటిదాంట్లో హక్కులకు ముందు "పునరుత్పత్తి" ఒక్కటే ఉంది. రెండోదాంట్లో ఆ మాట పోయింది కాబట్టి వాక్యం మొదట్లో ఉన్న "లైంగిక" కూడా వచ్చి హక్కులకు తగులుకుంటుంది. లైంగిక హక్కులు అనే మాటకు ప్రపంచ స్థాయిలో అన్ని దేశాలూ కలిసి ఎప్పుడూ ఒప్పుకోలేదు. ఒక్క విశేషణం జారిపోతే కొత్త భావం లోపలికొచ్చేస్తుంది. ఆ రెండోదాన్నే ఇంగ్లీషు అక్షరాల్లో ఎస్‌ఆర్‌హెచ్‌ఆర్ అని పొట్టిగా రాసినా అదే తేడా. ఆ నాలుగక్షరాలు కనిపిస్తే ఆగి చదవండి.

అదే 5.6కి వెనక తోక కూడా ఉంది: "కైరో కార్యాచరణ, బీజింగ్ వేదిక, వాటి సమీక్షా సమావేశాల పత్రాల ప్రకారం ఒప్పుకున్న విధంగా" అని. ముసాయిదా రాసేవాళ్లు పేరా పొడుగైపోయిందంటూ మొదట కోసేది ఈ ముక్కనే. ప్రో-లైఫ్ పక్షానికి మాత్రం కాపలా అంతా అందులోనే ఉంది. ఎందుకంటే కైరో అనగానే 8.25 పేరా వెంట వస్తుంది.

1994 సెప్టెంబరులో కైరోలో జరిగిన జనాభా, అభివృద్ధి సదస్సులో 179 ప్రభుత్వాలు కూర్చుని కుదుర్చుకున్న పేరా అది. దాన్ని పూర్తిగా చదివినవాళ్లు రెండు పక్షాల్లోనూ తక్కువే. అందులో ఉన్నవి ఇవి: కుటుంబ నియంత్రణ పద్ధతిగా అబార్షన్‌ను ఏ పరిస్థితిలోనూ ప్రోత్సహించకూడదు. అరక్షిత అబార్షన్లను ప్రజారోగ్య సమస్యగా పట్టించుకోవాలి. అవాంఛిత గర్భాల నివారణకే ఎప్పుడూ మొదటి ప్రాధాన్యం. ఆరోగ్య వ్యవస్థలో అబార్షన్‌కు సంబంధించిన మార్పు ఏదైనా జాతీయ స్థాయిలోనో స్థానిక స్థాయిలోనో, ఆ దేశ శాసన ప్రక్రియ ప్రకారమే జరగాలి. చట్టం ఒప్పుకునే చోట అది సురక్షితంగా ఉండాలి. అబార్షన్ వల్ల వచ్చే చిక్కులకు వైద్యం మాత్రం అన్ని సందర్భాల్లోనూ అందాలి. మీ కరపత్రంలో మొదటి వాక్యం ఒక్కటే ఉంది. అది పట్టుకుని ప్రతినిధి దగ్గరికి వెళ్తే అతను మిగతా వాక్యాలు చదివి వినిపిస్తాడు, సంభాషణ అక్కడితో ఆగిపోతుంది. ఎదుటి పక్షం కూడా "సురక్షితంగా ఉండాలి" అన్న ముక్కను దాని ముందున్న షరతు లేకుండా ఎత్తి రాస్తూ ఉంటుంది. వాళ్లు చేశారని మీరు చెయ్యొద్దు. పూర్తి పేరా ఇచ్చేవాళ్లనే అక్కడ నమ్ముతారు.

1995లో బీజింగ్‌లో జరిగిన ప్రపంచ మహిళా సదస్సు పత్రమే బీజింగ్ వేదిక. అది 106వ పేరా కె అంశంలో ఈ 8.25నే ఎత్తి రాసి, ఒక వాక్యం కలిపింది: చట్టవిరుద్ధ అబార్షన్ చేయించుకున్న మహిళలను శిక్షించే చట్టాలను సమీక్షించే విషయం దేశాలు ఆలోచించాలి అని. కాబట్టి "బీజింగ్ ప్రకారం" అన్న మాటకు మీరు సరేనన్నారంటే ఈ వాక్యానికీ సరేనన్నట్టే. "కైరో ప్రకారం" అని మాత్రమే రాయించుకోవాలని చూసే దేశాలున్నాయి, రెండూ కావాల్సిందేనని పట్టుబట్టే దేశాలున్నాయి. తేడా అక్కడుంది.

చట్టం సంగతి సూటిగా చెప్పుకుందాం. మీ వినతిపత్రంలో "అంతర్జాతీయ చట్టం గర్భస్థ శిశువుకు జీవించే హక్కు ఇచ్చింది" అని రాశారు. ఐరాస ఒప్పందాల్లో అలా సూటిగా చెప్పేది లేదు. బాలల హక్కుల ఒడంబడిక పీఠికలో "పుట్టుకకు ముందూ, తర్వాతా" తగిన చట్టపరమైన రక్షణ అన్న మాట ఉంది. ఒకటో అధికరణ మాత్రం బాల్యం ఎప్పుడు మొదలవుతుందో చెప్పకుండా, 18 ఏళ్లలోపు అని పై హద్దు ఒక్కటే గీసి వదిలేసింది. ఒప్పందం కుదరాలనే అలా వదిలారు. "గర్భధారణ నుంచి" అన్న మాట అమెరికా ఖండాల మానవ హక్కుల ఒడంబడిక 4వ అధికరణలో ఉంది, దానికి ముందు "సాధారణంగా" అని ఒక మెత్తని పదం కూడా ఉంది. అది మనకు వర్తించదు. అటువైపు చూస్తే, అబార్షన్ ఒక హక్కని పేరుపెట్టి చెప్పే ఐరాస ఒప్పందమూ లేదు. ఆఫ్రికా దేశాల 2003 నాటి మపుటో ప్రోటోకాల్ 14వ అధికరణ అత్యాచారం, తల్లి ఆరోగ్యానికి ముప్పు లాంటి కొన్ని సందర్భాల్లో దాన్ని అనుమతించమంటుంది. అదీ ఆ ఖండానికే. ఇక మానవ హక్కుల కమిటీ 2018లో ఇచ్చిన 36వ జనరల్ కామెంట్ సురక్షిత అబార్షన్‌కు అందుబాటు ఉండాలని దేశాలకు చెప్పింది. జనరల్ కామెంట్ ఒప్పంద పాఠం కాదు, నిపుణుల కమిటీ చేసిన వ్యాఖ్యానం. అలాగని "దానికి విలువే లేదు" అనకండి, కోర్టులు వాటిని చదువుతాయి. "రెండు వైపులా సూటి పాఠం లేదు, అందుకే నిర్ణయం దేశాలది" అన్న వాదనే నిలబడుతుంది. మిగతావి ఒక్క ఎదురు ప్రశ్నకే కూలిపోతాయి.

ఇప్పుడు ముసాయిదా నడక చూద్దాం. కమిషన్ బ్యూరో తరఫున జీరో డ్రాఫ్ట్, అంటే తొలి ముసాయిదా వస్తుంది. ఒక్కో దేశం, ఒక్కో కూటమి తన మార్పులు చేర్చుతుంది. ఎవరు ఏం చేర్చారో, ఏం కొట్టేయమన్నారో పేరుతో సహా బ్రాకెట్లలో కనిపిస్తుంది. నాలుగు పేజీల కాగితం నలభై పేజీలవుతుంది. చర్చలు నడిపించే ఫెసిలిటేటర్ దాన్ని మళ్లీ కుదించి రివిజన్ ఇస్తాడు. ఇలా రెండు మూడు రౌండ్లు నడిచాక మిగిలే ఐదారు చిక్కుముళ్లలో మన విషయం ఎప్పుడూ ఉంటుంది. ఈ గదుల్లోకి స్వచ్ఛంద సంస్థలకు ప్రవేశం లేదు. బయట కారిడార్‌లో, కాఫీ బల్లల దగ్గర దొరికే రెండు నిమిషాలే మీవి. గుంపుగా వెళ్లి కరపత్రాలు చేతుల్లో కుక్కడం, అడక్కుండా ఫొటో తీయడం చేస్తే భద్రతా సిబ్బంది బ్యాడ్జీ లాక్కుంటారు.

చిక్కు తెగనప్పుడు అక్కడ చేసే పని కొత్త మాట కనిపెట్టడం కాదు, పాత మాట తవ్వడం. గతంలో అందరూ ఒప్పుకున్న పదబంధాన్ని "అంగీకృత భాష" అంటారు. పేరా సంఖ్య, సంవత్సరంతో సహా చూపిస్తే అలసిపోయిన ప్రతినిధికి అది నీడపట్టు. దాన్ని ఒప్పుకుంటే రాజధానికి సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు. అందుకే మీ బృందం చెయ్యాల్సిన మొదటి పని సంతకాలు కాదు, పట్టిక. ఐదు నిలువు గళ్లు చాలు: ముసాయిదా పేరా సంఖ్య, అందులో ఉన్న మాట, దానికి దగ్గరి అంగీకృత భాష ఎక్కడుందో, మీరు కోరే మార్పు, అది కుదరకపోతే దిగగలిగే మెట్టు. ఆఖరి గడి ఖాళీగా ఉంటే ఆ కాగితం ఎవరికీ పనికిరాదు. దిగే మెట్లు సాధారణంగా ఇవి: మొదట పాత మాటతో మార్చమనడం. కుదరకపోతే "జాతీయ చట్టాల ప్రకారం" అన్న తోక. అదీ కుదరకపోతే ఆమోదం అయ్యాక మన దేశం మైకు తీసుకుని "ఈ పేరాను మేం ఇలా అర్థం చేసుకుంటున్నాం" అని రికార్డు చేయించడం. "పూర్తిగా తీసేయండి" అన్నది మెట్టు కాదు, గోడ. ఎవరూ వినరు. మొత్తం ఒక పేజీ దాటకూడదు, ఫోన్‌లో చదివేలా ఉండాలి.

"హక్కు కాదు అని ఒక వాక్యం చేర్పిస్తే పోలా?" అని మీరు అడిగారు. 2005లో, బీజింగ్‌కు పదేళ్లయిన సందర్భంలో అమెరికా సరిగ్గా అదే చేసింది. బీజింగ్ పత్రాలు అబార్షన్ హక్కును సృష్టించలేదని చేర్చమని సవరణ పెట్టింది. మద్దతు రాలేదు, వెనక్కి తీసుకుంది. 2018లో జనరల్ అసెంబ్లీ మూడో కమిటీలోనూ అమెరికా సవరణలు ఓటింగ్‌లో ఓడిపోయాయి. ఓడిన సవరణ ఊరికే పోదు. "దీన్ని సభ తిరస్కరించింది" అని ఎదుటి పక్షం తర్వాత పదేళ్లు చెప్పుకుంటుంది. గెలిచిన సందర్భాలు వేరే రకం. 2002 మేలో పిల్లల ప్రత్యేక సమావేశంలో అమెరికా ఒక్క "సేవలు" అన్న మాట మీద గట్టిగా కూర్చుంది. తుది పత్రంలో "పునరుత్పత్తి ఆరోగ్యం" మిగిలింది, "సేవలు" పోయింది. 2019 ఏప్రిల్ 23న భద్రతా మండలి 2467 తీర్మానంలోనూ లైంగిక, పునరుత్పత్తి ఆరోగ్యం ప్రస్తావన వీటో బెదిరింపుతో తీసేశారు. అది యుద్ధాల్లో లైంగిక హింసకు గురైనవాళ్ల కోసం పెట్టిన తీర్మానం కావడంతో ఆ విజయం మీద వచ్చిన విమర్శ కూడా అంతే ఘాటుగా ఉంది. అన్నట్టు ఇవి రెండూ అగ్రరాజ్యం చేతిలో కర్ర ఉండబట్టి జరిగినవి. మన బృందాల చేతిలో ఆ కర్ర లేదు.

ఇక భారత్ సంగతి. చాలా బృందాలు బోల్తా పడేది ఇక్కడే. మన ప్రతినిధి మాట్లాడేది మన చట్టం ప్రకారం. మన దేశంలో అబార్షన్‌ను నియంత్రించే ఎంటీపీ చట్టం 1971లో వచ్చింది. 2021 సవరణ ప్రకారం 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం, 20 నుంచి 24 వారాల మధ్య కొన్ని వర్గాల మహిళలకు ఇద్దరు డాక్టర్ల అభిప్రాయం కావాలి. పిండంలో తీవ్ర లోపాలుంటే 24 దాటినా మెడికల్ బోర్డు నిర్ణయిస్తుంది. 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు 20-24 వారాల వెసులుబాటు పెళ్లికాని మహిళలకూ వర్తిస్తుందని చెప్పింది. ఇంత చట్టం ఇంట్లో పెట్టుకుని, న్యూయార్క్‌లో "అబార్షన్ వద్దు" అని మన మిషన్ (ఐరాసలో మన దేశ కార్యాలయం) ఎలా అంటుంది? అనదు. అబార్షన్ అంతర్జాతీయ హక్కు కాదని కొన్ని దేశాలు చేసిన ప్రకటన, జెనీవా కన్సెన్సస్ డిక్లరేషన్‌లో చేరమని ఉత్తరం రాయడం కూడా అందుకే దండగ. అది 2020 అక్టోబరు 22న 32 దేశాలతో మొదలైంది. అమెరికా 2021లో బయటికెళ్లింది, 2025లో మళ్లీ వచ్చింది. బ్రెజిల్ ప్రభుత్వం మారాక 2023లో తప్పుకుంది. ప్రభుత్వాలతో పాటు వచ్చిపోయే కాగితం అది, ఐరాసలో బేరమాడిన పత్రం కాదు. మీ ఉత్తరంలో దాన్ని "ఐరాస ఒప్పందం" అని రాశారు, ఆ ముక్క కొట్టేయండి. మెక్సికో సిటీ విధానం అంటే విదేశీ సంస్థలకిచ్చే డబ్బు మీద అబార్షన్ విషయంలో అమెరికా 1984లో పెట్టుకున్న సొంత షరతు. దాన్నీ దీన్నీ కలపకండి.

మన ప్రతినిధి వినగలిగే మాటలు మూడున్నాయి. మొదటిది సార్వభౌమత్వం. "మార్పులు జాతీయ శాసన ప్రక్రియ ప్రకారమే" అన్న 8.25 వాక్యం నిలబెట్టమంటే అది మన చట్టానికీ అడ్డు కాదు, మీ లక్ష్యానికీ అడ్డు కాదు. రెండోది లింగ నిర్ధారణ, ఆడపిల్లల ఏరివేత. కైరో 4.23, బీజింగ్ 124 ఐ అంశం రెండింటిలోనూ పుట్టుకకు ముందే లింగాన్ని ఎంచుకోవడాన్ని అరికట్టమనే మాట ఉంది. మనకు లింగ నిర్ధారణను నిషేధించే 1994 పీసీపీఎన్‌డీటీ చట్టమే ఉంది. పాఠమూ చట్టమూ ఒకే దారిలో ఉన్న అరుదైన చోటిది. ఎదుటి పక్షం అడ్డు చెప్పే తీరు కూడా తెలుసుకోండి: లింగ ఎంపికను అరికట్టే పేరుతో చట్టబద్ధ అబార్షన్‌కు దారి మూయకూడదంటారు. దానికి జవాబుగా ఆ పేరాలో "అబార్షన్" అన్న మాటే లేకుండా, స్కానింగ్ దుర్వినియోగం, కొడుకు మీద మోజు అన్న మూల కారణాల దగ్గర ఆపండి. అప్పుడు పేరా నిలుస్తుంది. మూడోది ప్రసూతి వైద్యం. శిక్షణ పొందిన మంత్రసానులు, అత్యవసర ప్రసూతి సేవలు, రక్త నిల్వలు. దీనికి ఎవరూ అడ్డు చెప్పరు. దీన్ని మొదట పెట్టిన ఉత్తరాన్ని చివరిదాకా చదువుతారు.

డాక్టర్ల మనస్సాక్షి విషయం ఎత్తాలని రాశారు. జాగ్రత్త. బ్రిటన్ 1967 చట్టం సెక్షన్ 4లో డాక్టరు తప్పుకునే వెసులుబాటు ఉంది. మన ఎంటీపీ చట్టంలో అలాంటి సెక్షన్ లేదు. "మన చట్టం ప్రకారం మనస్సాక్షి రక్షణ" అని రాసి పంపితే ఫైలు చూసే అండర్ సెక్రటరీ చట్టం తెరిచి వెతుకుతాడు, దొరకదు. ఆ తర్వాత మీ రెండో ఉత్తరం ఎవరూ తెరవరు.

ఉత్తరం ఎక్కడికంటే, ముందు కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖకు, ప్రతి ఆరోగ్య శాఖకు, మరో ప్రతి విదేశాంగ శాఖకు. నవంబరు, డిసెంబరుల్లో వెళ్లాలి, ఆ ఏడాది ప్రధానాంశాన్ని పట్టుకుని రాయాలి. ప్రధానాంశం న్యాయం అయితే న్యాయం మీద, విద్య అయితే విద్య మీద. ఏటా ఒకే ఉత్తరం తేదీ మార్చి పంపేవాళ్లుంటారు, ఆఫీసులో గుర్తుపట్టేస్తారు. జీరో డ్రాఫ్ట్ వచ్చాక పైన చెప్పిన ఒక పేజీ పట్టిక పంపండి.

ఆఖరి రాత్రి సంగతి విడిగా చెప్పాలి. ఫెసిలిటేటర్ తుది పాఠం పంపి "సైలెన్స్" పెడతాడు. చెప్పిన గడువులోపు ఏ దేశమూ అభ్యంతరం రాయకపోతే ఒప్పుకున్నట్టే. మార్చి రెండో ఆదివారం నుంచి న్యూయార్క్‌కూ మనకూ తేడా తొమ్మిదిన్నర గంటలు, అంతకు ముందు పదిన్నర. అక్కడ గురువారం సాయంత్రం 5కి పాఠం వచ్చి, శుక్రవారం ఉదయం 10 దాకా గడువు పెట్టారనుకోండి. మన గడియారంలో అది శుక్రవారం తెల్లవారుజామున 2:30 నుంచి రాత్రి 7:30 దాకా. అంటే న్యూయార్క్ నిద్రపోయే వేళంతా ఢిల్లీలో ఆఫీసు వేళ. సైలెన్స్ విరవాలంటే మిషన్‌కు ఢిల్లీ నుంచి ఆదేశం కావాలి, ఆ ఆదేశం పుట్టేది ఈ పగలే. కాబట్టి అమెరికాలో ఉన్న మీ మనిషి పని పాఠం దొరగ్గానే విశాఖకు పంపడం. విశాఖలో ఒకరు తెల్లవారుజామున 4కి లేచి పాత పాఠంతో పక్కపక్కన పెట్టి పోల్చాలి, 9 గంటలకల్లా ఢిల్లీ ఆఫీసు మెయిల్లో మూడు వాక్యాలు ఉండాలి. మూడే. ఒక చిన్న దేశం సైలెన్స్ విరిచి వేరే పేరా తెరిస్తే మీ పేరా కూడా తెరుచుకోవచ్చు, అప్పుడు ఇంకా అధ్వానమైన మాట రావచ్చు. పరవాలేదనిపించే పాఠాన్ని కదపమని అడగకండి.

జనాభా, అభివృద్ధి కమిషన్ ఏప్రిల్‌లో ఉంటుంది. అక్కడ 2017, 2018, 2023ల్లో ప్రధానాంశం మీద తీర్మానమే కుదరలేదు. కొందరు ప్రో-లైఫ్ కార్యకర్తలు దీన్ని విజయంగా రాసుకుంటారు. కాదనే నా అభిప్రాయం. తీర్మానం లేకపోతే ప్రసూతి ఆరోగ్యం, పౌష్టికాహారం మీద కుదిరిన పేరాలు కూడా చెత్తబుట్టలోకే, పాత పాఠాలు మాత్రం అలాగే అమల్లో ఉంటాయి.

పొత్తుల మాట. వాటికన్‌కు 1964 నుంచి శాశ్వత పరిశీలక హోదా ఉంది, మాట్లాడగలదు, ఓటు లేదు. 2006 వికలాంగుల హక్కుల ఒడంబడిక తయారీలో చురుగ్గా పాల్గొని కూడా 25వ అధికరణలో లైంగిక, పునరుత్పత్తి ఆరోగ్యం ఉందని సంతకం పెట్టలేదు. పట్టుదల అంటే అదీ, దాని ఖరీదూ అదే. అబార్షన్ మాట మీద మీతో నిలబడే కొన్ని ప్రభుత్వాలు గృహహింస పేరాల దగ్గర, ఆడపిల్లల హక్కుల దగ్గర కూడా అడ్డం తిరుగుతాయి. వాళ్ల పక్కన ఫొటో దిగితే ఆ మకిలి మీకూ అంటుతుంది. ఏ పేరా మీద కలుస్తున్నారో రాతపూర్వకంగా చెప్పి, అక్కడితో ఆగండి. రోజువారీ సమాచారానికి సి-ఫామ్ లాంటి ప్రో-లైఫ్ సంస్థ బులెటిన్ చదవండి, పక్కనే ఎదుటి పక్షంలో ఉన్న అంతర్జాతీయ కుటుంబ నియంత్రణ సంస్థ ఐపీపీఎఫ్ ఏమంటోందో కూడా చదవండి. ఆ సంస్థ పుట్టింది మన బొంబాయిలోనే, 1952లో. వాళ్ల వాదన వాళ్ల మాటల్లో తెలియనివాడు కారిడార్‌లో రెండో నిమిషానికే దొరికిపోతాడు.

మనుషుల్ని పంపే ఏర్పాట్లు. కమిషన్‌కు నమోదు చేయించగలిగేది ఐరాస ఆర్థిక, సామాజిక మండలి (ఈసీఓఎస్‌ఓసీ) సంప్రదింపుల హోదా ఉన్న సంస్థే. దరఖాస్తుకు ఏటా జూన్ 1 గడువు. సొసైటీ రిజిస్టరై కనీసం రెండేళ్లు నిండాలి. నియమావళి, రిజిస్ట్రేషన్ పత్రం, ఆర్థిక నివేదిక ఇంగ్లీషులోనో ఫ్రెంచిలోనో పెట్టాలి. ఫీజు లేదు. 19 దేశాల కమిటీ మరుసటి ఏడాది పరిశీలిస్తుంది, ఏదో ఒక దేశం ప్రశ్న వేస్తే మళ్లీ వాయిదా. ఇంటర్నెట్‌లో "హోదా ఇప్పిస్తాం" అని డబ్బడిగేవాళ్లను నమ్మకండి. వచ్చే మార్చికి మీకిది అందదు కాబట్టి ఇప్పటికే హోదా ఉన్న సంస్థ తన జాబితాలో మీ ఇద్దరి పేర్లు పెట్టాలి. ప్రత్యేక హోదా సంస్థ కమిషన్‌కు రాతపూర్వక ప్రకటన 1,500 పదాల్లో ఇవ్వొచ్చు, దాని గడువు సాధారణంగా అక్టోబరులో వస్తుంది.

టికెట్ ఖర్చు విదేశీ సంస్థ పెట్టుకుంటానందని రాశారు. ఆ డబ్బు మీ సొసైటీ ఖాతాలో పడిందంటే అది విదేశీ విరాళమే, విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా తీసుకుంటే నేరం. ఆ రిజిస్ట్రేషన్‌కు మూడేళ్ల వయసు, ఆ మూడేళ్లలో ఆశయాల మీద 15 లక్షల ఖర్చు చూపించాలి. రెండేళ్ల మీ బృందానికి అది కుదరదు. ఇక్కడి చందాలతోనే వెళ్లండి. వీసా ఇంటర్వ్యూ హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో, ఐరాస నమోదు కాగితం ఉన్నా వీసా గ్యారంటీ లేదు, అపాయింట్‌మెంట్ మాత్రం ఇవాళే చూసుకోండి.

ఇంత ఖర్చు చెయ్యాలా అంటే, రెండు దగ్గరి దారులున్నాయి. ఆసియా-పసిఫిక్ దేశాల జనాభా, మహిళా సమీక్షలు ఐరాస ప్రాంతీయ కమిషన్ ఎస్కాప్ ఆధ్వర్యంలో బ్యాంకాక్‌లో జరుగుతాయి. న్యూయార్క్ ముసాయిదాల్లోకి వెళ్లే మాటలు కొన్ని అక్కడే పుడతాయి. ఇంకొకటి జెనీవాలో మానవ హక్కుల మండలి ఒక్కో దేశం మానవ హక్కుల తీరు మీద వంతులవారీగా చేసే యూపీఆర్ సమీక్ష. దానికి ఏ హోదా అక్కర్లేదు. ఒక్క సంస్థ అయితే 2,815 పదాలు, కొన్ని సంస్థలు కలిసి ఇస్తే 5,630 పదాలు, పాద సూచికలు ఆ లెక్కలోకి రావు. భారత్ వంతు గతంలో 2022 నవంబరు 10న వచ్చింది, సుమారు నాలుగున్నరేళ్లకోసారి తిరిగి వస్తుంది, నివేదికల గడువు అంతకు చాలా నెలల ముందే పడుతుంది. పీసీపీఎన్‌డీటీ అమలు మీద ఉత్తరాంధ్ర జిల్లాల సమాచారం ఆర్టీఐతో రాబట్టి, ఆ కాగితాలతో రాస్తే అది బరువైన నివేదిక. ఆర్టీఐకి 10 రూపాయలు, 30 రోజులు. న్యూయార్క్ మిషన్‌కు ఢిల్లీ ఏ ఆదేశం ఇచ్చిందని మాత్రం అడక్కండి, విదేశీ సంబంధాలకు మినహాయింపు ఇచ్చే ఆర్టీఐ చట్టం సెక్షన్ 8(1)(ఎ) కింద తిప్పి పంపుతారు.

ఇక మీ 5,000 సంతకాలు. వాటిని న్యూయార్క్ మోసుకెళ్లకండి. విశాఖ ఎంపీకి ఇవ్వండి, దాంతో పాటు లోక్‌సభ ప్రశ్న ముసాయిదా కూడా ఇవ్వండి. 150 పదాలు దాటకూడదు, కనీసం 15 రోజుల ముందు నోటీసు పడాలి. "రాబోయే కమిషన్‌లో కైరో 8.25, 4.23 పేరాలపై ప్రభుత్వ వైఖరి ఏమిటి" అని అడిగిస్తే చాలు. శాఖ ఇచ్చే జవాబు రికార్డులో ఉండిపోతుంది, ఫిబ్రవరిలో మీరు పంపే పట్టికకు మొదటి వాక్యం అదే అవుతుంది.

సంతకాలు ఇచ్చే ముందు వినతిపత్రం మొదటి వాక్యం సరిచేయండి. "గర్భస్రావాలను నిషేధించాలి" అని ఉంది. గర్భస్రావం అంటే మన ఊళ్లలో దానంతటదే పోయినదీ అవుతుంది, తీయించుకున్నదీ అవుతుంది. మూడో నెలలో బిడ్డను పోగొట్టుకున్న తల్లి కూడా ఆ కాగితం మీద సంతకం పెట్టే ఉంటుంది. "గర్భవిచ్ఛిత్తి" అని రాయండి, లేదా అందరికీ తెలిసిన "అబార్షన్" అనే రాయండి. ఇంగ్లీషు ప్రతిలో కూడా అదే జరిగిందేమో చూసుకోండి. 8.25 చివర్లో ఒక వాక్యం అబార్షన్ చిక్కులకు వైద్యం అందాలని చెబుతోంది. మీ వాక్యం ఇప్పుడున్న తీరులో దానికే అడ్డం నిలబడుతోంది.